అంబాసిడర్ మార్క్ 2 పాత పెట్రోల్ ఇంజన్‌కి నమ్మదగ్గ పార్టులు ఎలా పట్టుకోవాలి?

కోనసీమ మార్క్2:

అందరికీ నమస్కారం. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. మా తాతగారి అంబాసిడర్ ఒకటి ఉంది, మార్క్ 2, 1969 మోడల్. కొబ్బరికాయల బేరాలకి ఆయన దీంట్లోనే తిరిగేవారు. ఆయన పోయాక షెడ్డులో పడి ఉంది. ఈమధ్య బయటికి తీసి, కొత్త బ్యాటరీ వేస్తే స్టార్ట్ అయింది గానీ వెనకంతా నీలం పొగ. వేడెక్కితే ఆయిల్ ప్రెషర్ బాగా పడిపోతోంది. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నుంచి నూనె చుక్కలు సరేసరి.

రాజమండ్రిలో తెలిసిన మేస్త్రీగారు ఇంజన్ దింపి విప్పారు. బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) ఇదివరకే ఒకసారి 30 ఓవర్‌సైజ్ చేసి ఉందట, అంటే 30 థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెద్దది. ఇప్పుడు రెండు సిలిండర్లలో గీతలు పడ్డాయి కాబట్టి 40కి వెళ్లాలంటున్నారు. పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్ట్ 20 అండర్‌సైజ్‌లో, అంటే 20 థౌలు సన్నగా ఉంది. హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వులు సీటులోకి బాగా దిగిపోయాయి.

ఇక పార్టులు. ఒక షాపులో 40 సైజు పిస్టన్ సెట్ చూపించారు. దాని మీద పేరు లేదు, నంబరు లేదు, ధర మాత్రం తక్కువ. ఇంకో షాపాయన పసుపుపచ్చగా మారిన డబ్బా తీసి "ఇది కంపెనీ పాత స్టాకు, ఇప్పుడు రాదు" అని మూడింతలు చెప్పాడు. వెనక ఆయిల్ సీల్ కావాలంటే ఎవరి దగ్గరా లేదు. మేస్త్రీగారేమో రేపో మాపో బ్లాకుని బోరింగ్‌కి పంపేస్తానంటున్నారు. ఈ ఇంజన్ తీసేసి వేరేది పెట్టుకోమని కూడా అన్నారు, కానీ మా అమ్మ ఒప్పుకోదు. పేరున్న పార్టు కొనాలా, కొలిచి కొనాలా, అసలు ఎక్కడ వెతకాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ గేరు:

బ్రదర్, నా మాట విను. ఇసుజు 1800 పెట్రోల్ ఇంజన్ వేసెయ్. గేర్‌బాక్స్‌తో సహా దొరికితే ఇంకా మంచిది. పార్టుల టెన్షన్ ఉండదు, ఏసీ కూడా పెట్టుకోవచ్చు. ఆటోనగర్‌లో ఈ పని చేసిన చేతులు చాలా ఉన్నాయి. పాత ఇంజన్ మీద పెట్టే డబ్బులో సగానికే పని అయిపోతుంది.

రాణీగంజ్ కౌంటర్:

బెజవాడ గేరుగారూ, టాక్సీకైతే మీ సలహా సరైనదే. ఇది తాతగారి బండి. పైగా ఇంజన్ మారిస్తే ఆర్సీలో నంబరు మార్పించాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఊరుకోదు. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆలోచన ఉంటే అసలే వద్దు. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి "వీఏ" సిరీస్ నంబరిస్తారు, కానీ బండిలో పెద్ద మార్పులు ఉండకూడదు.

కోనసీమ తమ్ముడూ, ముందు మేస్త్రీగారికి ఫోన్ చేసి బోరింగ్ ఆపించు. మిగతాది తర్వాత చదువు. పిస్టన్లు చేతికి రాకుండా బ్లాకు బోరింగ్‌కి పంపకూడదు. డబ్బా మీద 40 అని ఉన్నంత మాత్రాన లోపల ఉన్నవి సరిగ్గా 40 థౌలు పెద్దవని కాదు. పిస్టన్ స్కర్ట్‌ని (కింది గోడని) మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తయారీదారు చెప్పిన క్లియరెన్స్ (పిస్టన్‌కీ బోరుకీ మధ్య సందు) కలిపి, ఆ కొలతకి బోరు చేయాలి. ముందే బోరు చేసి తర్వాత పిస్టన్ వెతుక్కుంటే, దొరికిన దానితో సర్దుకోవాల్సి వస్తుంది.

నేనెవరంటే, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో మా నాన్న స్పేర్ పార్టుల షాపు నడిపేవారు. కాలేజీ నుంచి రాగానే కౌంటర్‌లో కూర్చోవడం నా పని. పెళ్లయ్యాక కూడా ఆ పని వదల్లేదు. ఇప్పుడు షాపులో కొత్త బండ్ల సరుకే ఎక్కువ, కానీ అటక మీద పాతవి ఉన్నాయి. అమ్మకానికి ఇక్కడికి రాలేదు, మీ సైజు నా దగ్గర లేదు కూడా.

పేరా, కొలతా అని అడిగావు. కొలతే. ఎందుకంటే ఖాళీ డబ్బాలకి కూడా బేరం ఉంటుంది. మెకానిక్ షెడ్లలో పారేసిన మంచి కంపెనీ డబ్బాలు ఏరుకొచ్చి అమ్మేవాళ్లని కౌంటర్ మీద నుంచి చూశాను. డబ్బా పాతగా ఉందని లోపలిది పాత స్టాకు అయిపోదు. పేరు లేని సరుకంతా చెత్తా కాదు. కొన్ని చిన్న ఫౌండ్రీలు (లోహం పోతపోసే కార్ఖానాలు) పెద్ద కంపెనీలకి పోత పోసిన ఊళ్లలోనే, అదే మనుషులతో నడుస్తాయి. అయితే అది మంచిదో కాదో చెప్పే గుర్తేదీ ఆ సరుకు మీద ఉండదు, నువ్వే చూసుకోవాలి.

ఎలా చూడాలో చెప్తాను. పిస్టన్ పైభాగాన ఓవర్‌సైజ్ అచ్చు గుద్ది ఉంటుంది, డబ్బా మీది అంకెతో కలవాలి. నాలుగింటినీ తూకం వేయి. కిరాణా కాటా కాదు, బంగారు కొట్టు కాటా. మా నాన్న పక్కనున్న నగల షాపుకి పంపేవారు, ఆ సేఠ్ పిస్టన్లు చూడగానే నవ్వేవాడు. నాలుగింటి మధ్య తేడా రెండు మూడు గ్రాములు దాటితే ఆ సెట్ వెనక్కి ఇచ్చెయ్. రింగుని ఒట్టిగా బోరులో పెట్టి, పిస్టన్‌తో నెట్టి నిలువుగా కూర్చోబెట్టి, కొసల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడాలి. ఈ ఇంజన్‌కి 8 నుంచి 13 థౌల మధ్య ఉండాలి. సందు అసలు లేకపోతే వేడికి రింగు పెరిగి బోరుని గీరేస్తుంది.

బేరింగ్ షెల్ వెనక్కి తిప్పి చూడు. తయారీదారు గుర్తు, సైజు అచ్చు ఉంటాయి. క్రాంక్ 20 అంటున్నావు, అది మెయిన్ జర్నల్స్‌కా (క్రాంక్ బ్లాకులో కూర్చునే చోట్లు), బిగ్ ఎండ్‌కా (కనెక్టింగ్ రాడ్ పట్టే చోట్లు)? రెండూ వేర్వేరు సైజుల్లో గ్రైండ్ చేసి ఉండవచ్చు. కొత్తలో మెయిన్ రెండు అంగుళాలు, బిగ్ ఎండ్ సుమారు 1.876 అంగుళాలు. అక్కడి నుంచి ఎంత తగ్గిందో మైక్రోమీటర్ పెట్టి ఒక కాగితం మీద రాయించు. మేస్త్రీ నోటిమాటగా చెప్పిన సైజుతో షాపుకి వచ్చి సరుకు తీసుకెళ్లి, మళ్లీ మార్చడానికి వచ్చేవాళ్లే నాకు రోజూ ఎక్కువ.

ఇంకో చోట చాలామంది పడిపోతారు. ఈ పెట్రోల్ ఇంజన్ 1489 సీసీ, అంబాసిడర్ పాత డీజిల్ కూడా 1489 సీసీయే. బోరు, స్ట్రోకు ఒకటే. రెండూ ఇంగ్లండ్‌లోని బీఎంసీ అనే కార్ల కంపెనీ వాళ్ల బీ సిరీస్ ఇంజన్ల నుంచి వచ్చినవే. షాపుకెళ్లి "అంబాసిడర్ 1489 పిస్టన్" అంటే డీజిల్‌ది చేతిలో పెడతారు, ఎందుకంటే ఇప్పటిదాకా ఎక్కువ అమ్మింది అదే. కలకత్తా మల్లిక్ బజార్‌కి మనిషిని పంపినా ఇదే ప్రమాదం, అక్కడ టాక్సీల వల్ల డీజిల్, ఇసుజు సరుకు గుట్టలుగా ఉంటుంది. "పెట్రోల్, ఓహెచ్‌వీ (వాల్వులు పైన హెడ్‌లో ఉండే రకం), మార్క్ 2" అని చెప్పి, పాత పిస్టన్ పక్కన పెట్టి ఎత్తూ, పిన్ను స్థానం, రింగుల గాడులూ పోల్చు. పాత పార్టు పట్టుకెళ్లకుండా అంబాసిడర్ సరుకు కొనడానికి ఎవరూ వెళ్లకూడదు. మా కౌంటర్‌లో నేను అసలు ఇవ్వను.

వెనక ఆయిల్ సీల్ ఎవరి దగ్గరా లేదన్నావు కదా, ఉండదు. ఈ మూడు బేరింగ్‌ల క్రాంక్‌కి వెనక రబ్బరు సీలే లేదు. క్రాంక్ మీద మరలాంటి గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు నూనెని లోపలికి తోస్తుంది. ఇంజన్ ఆగగానే కొంచెం కారడం దాని స్వభావం. ఎక్కువ కారుతోందంటే మెయిన్ బేరింగ్ అరిగి క్రాంక్ కిందికి దిగిందన్నమాట, లేదా పిస్టన్ రింగులు పోయి క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగిందన్నమాట, లేదా ఆ ఒత్తిడిని బయటికి వదిలే బ్రీతర్ పైపు మూసుకుపోయింది. నీ బండిలో ఈ మూడూ ఉండవచ్చు. "సీల్ తెప్పిస్తా, అడ్వాన్స్ ఇవ్వండి" అన్నవాడికి పైసా ఇవ్వకు.

ఆయిల్ ప్రెషర్ పడిపోవడానికి క్రాంక్ బేరింగ్‌లొక్కటే కారణమని అందరూ అనుకుంటారు. వాల్వుల్ని తెరిపించే కామ్‌షాఫ్ట్‌కి బేరింగ్‌లు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. అవి అరిగితే కొత్త మెయిన్లు వేసినా ప్రెషర్ నిలవదు. కొత్తవి వేశాక ఒకే వరసలో రీమ్ చేయాలి (లోపలి రంధ్రాన్ని సరైన కొలతకి చెక్కాలి), అది తెలిసిన చేతికే ఇవ్వాలి. ఆయిల్ పంపు లోపలి రోటర్, బ్లాకు పక్కనుండే రిలీఫ్ వాల్వు స్ప్రింగ్ కూడా చూపించు. స్ప్రింగ్ ధర ఎంతో కాదు.

రబ్బరు విషయంలో మాత్రం పాత స్టాకు ఒద్దే ఒద్దు. లోహం ముప్పై ఏళ్లు గ్రీజు కాగితంలో ఉన్నా పాడవదు. ఫ్యూయల్ పంపు డయాఫ్రం, హోస్ పైపులు అలా కాదు, డబ్బాలోనే గట్టిపడతాయి. ఇప్పుడు బంకుల్లో పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది, పాత రబ్బరుకి అది విషం. ఇథనాల్ తట్టుకునే కొత్త పైపే కొను, బండి ఏదైనా సైజు చూసి కొనుక్కోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ కండెన్సర్ కూడా అంతే, పాతది ఎంత మెరుస్తున్నా నమ్మకు.

లెస్టర్ తెలుగోడు:

కౌంటర్ అక్క చెప్పినదానికి విదేశం వైపు నుంచి కొంచెం కలుపుతాను. నేను ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటాను. నా దగ్గర 1957 ఎంజీఏ 1500 ఉంది, ఎంజీ కంపెనీ పాత స్పోర్ట్స్ కారు. మా నాన్న నర్సాపురంలో అంబాసిడర్ నడిపేవాడు. నా ఎంజీఏ బానెట్ ఎత్తి చూపిస్తే "ఇది మన ఇంజనే కదరా" అన్నాడు. నిజంగా అదే. 1489 సీసీ, బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. అంబాసిడర్‌కి ఇది 1959లో వచ్చింది, అంతకుముందు సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. ఇక్కడ మోరిస్ ఆక్స్‌ఫర్డ్, ఆస్టిన్ కేంబ్రిడ్జ్, రైలీ వన్ పాయింట్ ఫైవ్, వుల్జ్‌లీ 1500 అన్నిట్లోనూ ఇదే కుటుంబం.

దీని లాభమేంటంటే, ఎంజీ బళ్లని ప్రేమించేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి బేరింగులు, రింగులు, టైమింగ్ చైన్, వాల్వులు, గాస్కెట్ సెట్లు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. వెతికేటప్పుడు "అంబాసిడర్" అని వెతక్కండి, ఏమీ రాదు. "ఎంజీఏ 1500" లేదా "బీ సిరీస్ 1489" అని వెతకాలి.

జాగ్రత్తలున్నాయి. ఎంజీఏ పిస్టన్‌తో కంప్రెషన్ నిష్పత్తి 8.3. మీ బండి దానికంటే తక్కువ కంప్రెషన్‌ది కావచ్చు, పిస్టన్ పైభాగం ఆకారం పోల్చుకుని తీసుకోండి. ఎంజీఏ తర్వాత వచ్చిన ఎంజీబీ కారు పార్టులు చవగ్గా కనిపిస్తాయి గానీ అది 1798 సీసీ, బోరు వేరు. 1964 చివరి నుంచి దాని క్రాంక్‌కి ఐదు బేరింగ్‌లు. స్ట్రోకు ఒకటేనని ఎవరో ఫోరంలో రాశారని కొనేయకండి. ఇంకోటి, గజన్ పిన్, అంటే పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను. ఎంజీఏ కనెక్టింగ్ రాడ్ పైచివర చీలి ఉండి, బోల్టుతో పిన్నుని బిగిస్తుంది. తర్వాతి ఇంజన్లలో పిన్ను స్వేచ్ఛగా తిరుగుతుంది, అది జారకుండా ఆపే సర్క్లిప్ (చిన్న తీగ రింగు) కోసం పిస్టన్‌లో గాడులుంటాయి. రెండు రకాల పిస్టన్లు కలిపేయడానికి లేదు. మీ రాడ్ ఫోటో పెట్టండి.

ఇంగ్లండ్ సరుకంతా మేలిమి అనుకోవద్దు. ఇక్కడా కొత్త టాపెట్లు (కామ్ మీద కూర్చుని వాల్వుల్ని కదిపేవి) సరిగ్గా గట్టిపరచక కొద్ది వేల మైళ్లకే కామ్‌ని తినేసిన కథలు బోలెడు. మీ పాత టాపెట్ల అడుగు భాగం గుంటలు పడకుండా ఉంటే వాటినే మళ్లీ గ్రైండ్ చేయించి వాడుకోండి, నేను అదే చేశాను. ఆయిల్ 20డబ్ల్యూ50 వాడండి, జింక్ ఎక్కువున్న రకం. కొత్త కార్లకి వాడే పలచటి ఆయిల్ ఈ టాపెట్లకి పనికిరాదు.

కొరియర్, కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ, అన్నీ కలిపి లెక్కేస్తే బరువైనవి తెప్పించడం దండగ. బేరింగ్ సెట్, రింగులు, టైమింగ్ చైన్ లాంటి చిన్నవాటికి గిట్టుబాటు అవుతుంది.

గుంటూరు బోరింగ్:

మాది ఇంజన్ రీబోరింగ్ షాపు. పైవాళ్లు చెప్పింది బాగుంది. నా లైను వరకు చెప్తా.

30 నుంచి 40కి వెళ్లమన్నారు, సరే. కానీ గీతలు ఎంత లోతు? 10 థౌలు తీస్తే గీత పోతుందని చూశారా? పోకపోతే మళ్లీ ఏ సైజుకి వెళ్తారు? ఈ బ్లాకుకి 40 దాటాక పిస్టన్ సెట్ దొరకడం కష్టం. అదీగాక షెడ్డులో ఏళ్లు ఉన్న బ్లాకు కాబట్టి నీళ్ల జాకెట్ వైపు తుప్పు తిని ఉంటుంది, గోడ పలచబడుతుంది. నేనైతే నాలుగు సిలిండర్లకీ డ్రై స్లీవులు (బోరు లోపల బిగించే గొట్టాలు) వేసి స్టాండర్డ్‌కి తెస్తాను. ఆ తర్వాత ఎప్పుడైనా 20, 30 వెళ్లడానికి చోటుంటుంది. స్టాండర్డ్ పిస్టన్ సెట్ కూడా ఓవర్‌సైజ్ కంటే తేలిగ్గా దొరుకుతుంది.

స్లీవు అడుగున అంచు ఉండేలా కోయమనండి. ఊరికే గొట్టంలా బోరు చేసి దిగ్గొడితే తర్వాత జారుతుంది. నా దగ్గరికి అలా జారినవి రిపేరుకి వచ్చాయి.

హెడ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇది పోత ఇనుప హెడ్, సీట్లు హెడ్‌లోనే చెక్కినవి. అప్పట్లో పెట్రోల్‌లో సీసం ఉండేది, అది సీటుకి పూతలా ఉండి కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. అందుకే ఎగ్జాస్ట్ వాల్వులు దిగిపోయాయి. కొత్త వాల్వులు తెచ్చి గ్రైండింగ్ పేస్టుతో రుద్దితే మళ్లీ దిగిపోతాయి. ఎగ్జాస్ట్ వైపు గట్టి ఉక్కు సీట్లు దించాలి, వాల్వు కాడ ఆడే గైడ్లు కూడా మార్చాలి. గైడ్ వదులుగా ఉంటే సీటు ఎంత బాగా కోసినా వాల్వు వంకరగా కూర్చుంటుంది. నీలం పొగలో సగం ఆ గైడ్ల నుంచే వస్తుంటుంది, పాపం పిస్టన్ల మీద వేస్తారు.

కోనసీమ మార్క్2:

అక్కా, లెస్టర్ అన్నయ్యా, గుంటూరు గారూ, అందరికీ ధన్యవాదాలు. బోరింగ్ ఆపించాను. మేస్త్రీగారు మొదట మొహం ముడుచుకున్నారు గానీ మీ పోస్టులు చదివి వినిపిస్తే "ఆ గుంటూరాయన చెప్పింది కరెక్టే" అన్నారు. మీ మాట మాత్రం ఒప్పుకోలేదక్కా, ఆడవాళ్లకి మైక్రోమీటర్ ఎందుకు అన్నారు. తర్వాత ఆయనే కొలిచారు.

ఫలితాలు ఇవి. పేరు లేని సెట్‌ని మా ఊరి నగల షాపులో తూకం వేయించాం. ఒక పిస్టన్ మిగతావాటికంటే 11 గ్రాములు బరువు. పసుపు డబ్బా సెట్‌లో మూడింటి మీద 040 ఉంది, నాలుగోదాని మీద 030. షాపాయన "పొరపాటున పడి ఉంటుంది" అని నవ్వాడు. రెండూ తిరిగి ఇచ్చేశాం. క్రాంక్ బిగ్ ఎండ్లు 20, మెయిన్లు 10 అని తేలింది, అంటే మేస్త్రీగారు మొదట చెప్పింది సగమే. టాపెట్ల అడుగులు నున్నగానే ఉన్నాయి. రాడ్ పైచివర చీలిక, బోల్టు ఉన్నాయి, ఫోటో పెట్టాను. గీతలు లోతుగా ఉన్నాయి, స్లీవులే వేయిస్తున్నాం.

రాణీగంజ్ కౌంటర్:

మేస్త్రీగారికి నా నమస్కారం చెప్పు, నేను మైక్రోమీటర్ పట్టుకున్నది ఆయన పాన కూడా పట్టకముందేమో అను.

మెయిన్ 10, బిగ్ ఎండ్ 20, ఇది కాగితం మీద రాసి ఫోన్‌లో ఫోటో తీసుకో. మెయిన్ సెట్, బిగ్ ఎండ్ సెట్ వేర్వేరు డబ్బాలుగా అడుగు. థ్రస్ట్ వాషర్లు మర్చిపోవద్దు, అవి మధ్య మెయిన్‌కి ఇరువైపులా పడతాయి, సెట్‌లో రాకపోవచ్చు. ఇండియా పిస్టన్స్, గోయెట్జ్ రింగులు, బైమెటల్ బేరింగులు, రేన్ వాల్వులు, మా అటక మీద ఎక్కువగా కనిపించే పేర్లు ఇవి. ఇంకెక్కడైనా దొరికినా ముందు చెప్పిన పరీక్షలు అన్నీ చేయాల్సిందే.

స్టాండర్డ్ పిస్టన్ సెట్ కోసం రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో, చెన్నై జీపీ రోడ్డులో అడుగు. చెన్నైలోనే పుదుపేటకి వెళ్తే పాతబండి నుంచి ఊడదీసినవి వస్తాయి, రాకర్ షాఫ్ట్, టైమింగ్ కవర్ లాంటివాటికి అది మంచి చోటు, పిస్టన్లకి కాదు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మొదట "క్లాంప్ టైప్ పిన్నా?" అని అడుగు. ఆ ప్రశ్న అర్థం కాని షాపుతో ఇంకో నిమిషం కూడా మాట్లాడకు. అర్థమైనవాడు ఫోటోలు పంపుతాడు, పైభాగం అచ్చూ, పిన్ను పక్కనా, రెండూ కనపడేలా. సర్క్లిప్ గాడి ఉంటే వద్దను. సరేననిపిస్తే తిరిగి ఇచ్చే షరతుతో, ఆర్టీసీ కార్గోలో వేయించుకో. రాగానే నేను ముందు చెప్పిన ప్రకారం కొలత తీసి, ఆ తర్వాతే స్లీవుల ఫైనల్ బోరు.

గుంటూరు బోరింగ్:

ఇంకొక్క మాట. స్లీవులు దించాక ఫైనల్ బోరుకి ముందు బ్లాకు పైభాగం ఫేసింగ్ (చదును) చేయించండి. స్లీవు అంచు పైకి పొడుచుకొచ్చి ఉంటే హెడ్ గాస్కెట్ నిలవదు. గాస్కెట్ కొనేటప్పుడు నీళ్ల రంధ్రాలు బ్లాకు మీద పెట్టి ఒక్కొక్కటీ సరిచూసుకోండి, డీజిల్ గాస్కెట్ ఇచ్చేవాళ్లున్నారు.